గుత్తి కోట పడింది నీళ్లు లేకనా, నోరు జారినందుకా?

గుత్తి పిల్లోడు:
1776లో మన గుత్తిని ఏలిన మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే, కోటను మైసూరును ఏలే హైదర్ అలీకి ఒప్పగించినాడు గదా. చెప్పుకునే కథ ఇదీ: 12 లక్షలకు రాజీ కుదిరింది. 8 లక్షలు అప్పుడే ముట్టజెప్పి, మిగతా దానికి దళపతి యూనస్ ఖాన్ కొడుకును జామీనుగా పంపినారు. ఆ పిల్లోడు హైదర్ డేరాలో నోరు జారి, పైకోటలో మూడు దినాలకే నీళ్లుండాయనేసినాడు. హైదర్ ఏదో సాకు చూపి మళ్లా ముట్టడేసినాడు. ఇంత కోట ఒక్క మాటకు పోయిందంటే నాకు నమ్మబుద్ధి కాదు.

పెన్న గట్టు:
నమ్మొద్దు. ఇది మైసూరు రెసిడెన్సీలో, అంటే ఆంగ్లేయుల ప్రతినిధి కచేరీలో, పనిచేసిన మార్క్ విల్క్స్ 30 ఏండ్లు దాటినాక రాసింది. డేరాలో మాటలు ఆయనకెవరు చెప్పుంటారు? గెలిచినోళ్లే. వాళ్ల కథలో ఓడినోడి మనిషే తెలివితక్కువోడుగా ఉంటాడు, ఇది మామూలే.

రాళ్లసీమ అక్క:
మనిషిని పక్కన పెట్టండి, కొండను చూడండి. సుమారు 300 మీటర్ల బండ. పైన బావులు, దొనలు (బండల్లో నీళ్లు నిలిచే గుంటలు) ఉండాయి గానీ వాటికి వానే దిక్కు. కోట పడింది మార్చిలో. మన సీమలో ఆ నెలకు ఊరబావులే అడుగంటుతాయి. కిందికోట పోయినాక జనం, గుర్రాలు అన్నీ పైకే ఎక్కుంటాయి. ఇంక లెక్క మీరే వేసుకోండి.

పాత బస్టాండు:
మురారిరావుకు అండగా రావాల్సిన మరాఠాల పూనా సంగతి ఎవ్వరూ ఎత్తరేం? పేష్వా గద్దె కోసం కొట్లాడిన రాఘోబా గొడవల్లో, ఆంగ్లేయులతో తగువుల్లో మునిగి, పేష్వా దర్బారు ఇటు సైన్యం పంపలేకపోయింది. 1751లో ఆర్కాటులో ఆంగ్లేయుల దళపతి క్లైవుకు అండగా పోయిన మురారిరావుకు, తన వంతు వచ్చేసరికి ఎవ్వరూ లేరు. ఆ జామీను పిల్లోన్ని తిట్టి ఏం లాభం?

గుత్తి పిల్లోడు:
అక్కా, నీళ్ల మాట ఒప్పుకుంటా. మూడు దినాల్లో ఎట్లాగూ అయిపోయేవి, ఆ పిల్లోడు చెప్పినా ఒకటే, చెప్పకున్నా ఒకటే.

రాళ్లసీమ అక్క:
ఎట్ల ఒకటే నాయనా? రాజీ అప్పటికే అయిపోయింది. వాడు నోరు మూసుకునుంటే హైదర్ దుడ్లు మూటగట్టుకుని, దండును ఎత్తేసి ఎల్లిపోయేవాడు. నీళ్లు తెచ్చుకునేదానికి దోవ తెరుచుకునేది. మురారిరావు మైసూరు సీమలోని కబ్బాళదుర్గం చెరలో చచ్చేవాడు కాదు. విల్క్స్ కథ నిజమైతే తప్పు ఆ నోటిదే. అబద్ధమైతే, కుదిరిన 12 లక్షల రాజీని హైదర్ ఎందుకు కాదన్నాడో పెన్న గట్టన్న చెప్పాల.

పెన్న గట్టు:
కోటే దొరికేటట్టుంటే లక్షలెందుకు? పైనుంచి ఒక్క కుండ దించకపోతే కిందున్నోడికి తెలియదా, నీళ్లకు కరువొచ్చిందని? దానికి పిల్లోడు చెప్పాల్నా?