టోకెలావ్‌లో ఊళ్ళే ప్రభుత్వమట, నిజమేనా? మన లంకల పంచాయతీతో పోల్చి చెప్పొచ్చా?

లంకరేవు:
అమలాపురంలో డిగ్రీ పిల్లలకి చిన్న దీవుల పాలన మీద ఒక గంట క్లాసు చెప్పాలండి. తమ పాలన తామే చూసుకునే ఐల్ ఆఫ్ మాన్, జెర్సీ దీవులు అందరూ చెప్పేవే కాబట్టి పసిఫిక్‌లోని టోకెలావ్ తీసుకున్నాను. కొబ్బరి, ఉప్పునీళ్ళు, పడవ ప్రయాణం అంటే మన పిల్లలకి విడమరిచి చెప్పక్కర్లేదు కదా అని. నా దగ్గరున్న వివరాలు ఇంతే: అతోఫు, నుకునోను, ఫకావోఫో అని మూడు పగడపు దీవులు, మొత్తం నేల సుమారు 12 చదరపు కిలోమీటర్లు, 2016 లెక్కల్లో 1,499 మంది. ఒక పుస్తకంలో న్యూజిలాండ్ వలస అనీ, ఇంకోదాంట్లో స్వపాలన ప్రాంతం అనీ ఉంది. ఏది రాయించాలి? వాగూ వంకా లేని చోట తాగునీళ్ళు ఎలా? అసలు అక్కడికి ఎలా చేరతారు? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పండి.

గౌతమిగట్టు:
మాష్టారూ, ముందు మొదటి దీవి పేరు సరిచేయండి, అటాఫు. ఇక హోదా. రెండు పుస్తకాలూ సగం సగం ఒప్పే. 1889లో బ్రిటిష్ రక్షణ కిందికి వచ్చింది. 1916లో బ్రిటిష్ వలస అయిన గిల్బర్ట్-ఎలిస్ దీవులతో కలిపేశారు. 1926 నుంచి పాలన న్యూజిలాండ్ చేతిలో ఉంది, 1949 జనవరి 1 నుంచి న్యూజిలాండ్‌లో భాగమే. అక్కడివాళ్ళు న్యూజిలాండ్ పౌరులు. అయితే న్యూజిలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌లో చేసిన చట్టం దానంతటది అక్కడ అమలు కాదు. ఇది టోకెలావ్‌కీ వర్తిస్తుంది అని చట్టంలో విడిగా రాయాలి. ఐక్యరాజ్యసమితి జాబితాలో మాత్రం నేటికీ స్వపాలన లేని ప్రాంతమే. కాగితం మీద అలా, రోజువారీ పనుల్లో ఊరిదే రాజ్యం.

పిల్లలకి ఎక్కువసేపు చెప్పాల్సింది ఇక్కడే. మన దగ్గర అధికారం కాలవ నీళ్ళ లెక్కన వస్తుంది. ధవళేశ్వరంలో తలుపులెత్తితే పెద్దకాలవ, పిల్లకాలవ, ఆఖరికి పంటబోదె. రాజ్యాంగం 73వ సవరణ పదకొండో షెడ్యూల్లో 29 అంశాలు రాసినా, వాటిలో ఎన్ని పంచాయతీకి ఇవ్వాలో తేల్చేది రాష్ట్రం. పంచాయతీ ఎప్పుడూ శివారు రైతే. టోకెలావ్‌లో ప్రవాహం తిరగబడింది. 1994లో న్యూజిలాండ్ నియమించే అడ్మినిస్ట్రేటర్ అధికారాల్ని మూడు దీవుల ఉమ్మడి సభకి, అంటే జనరల్ ఫోనోకి, అప్పగించారు. 1996లో ఆ సభకి నిబంధనలు చేసే అధికారం వచ్చింది. తర్వాత టోకెలావ్ వాళ్ళు, మా పద్ధతి ఇది కాదు, మొదట అధికారం ఊరిది అని ఆలోచించడంతో, 2004లో అడ్మినిస్ట్రేటర్ అధికారాల్ని నేరుగా మూడు ఊళ్ళ పెద్దల సభలకి ఇచ్చారు. ఆ సభ పేరు తౌపులేగా. ఓడ, టెలిఫోను, చేపల లైసెన్సులు లాంటి ఊరొక్కటీ మోయలేని పనుల్ని ఆ మూడు సభలు కలిసి పైకి, జనరల్ ఫోనోకి, అప్పజెబుతాయి.

తౌపులేగాలో కూర్చునేది ముఖ్యంగా కుటుంబాల పెద్దలు. ఎవరు అర్హులో దీవిదీవికీ కొద్దిగా తేడా. ఓటేసి ఎన్నుకునేది ఇద్దరిని, మూడేళ్ళకోసారి. ఫైపులే అంటే ఊరి తరఫున బయటికి మాట్లాడే నాయకుడు, పులెనుకు అంటే ఊరి పనులు చూసే ఆయన. మన సర్పంచి ఈ ఇద్దరి పనీ ఒక్కడే చేస్తాడు. ముగ్గురు ఫైపులేలు, ముగ్గురు పులెనుకులు, ఈ ఆరుగురూ మంత్రివర్గం. ప్రభుత్వాధినేతని ఉలు అంటారు. ఆ పదవి ఏడాదికొకరు చొప్పున ముగ్గురు ఫైపులేల మధ్య తిరుగుతుంది. రాజధాని లేదు. ఈ ఏడు ఉలు ఏ దీవివాడైతే పాలన కేంద్రం ఆ దీవే. పటంలో రాజధాని చుక్క పెట్టమని పిల్లల్ని అడిగితే మంచి చర్చ అవుతుంది.

ఇందులో లోటు లేదని అనను. పెద్దల సభలో కుర్రాళ్ళ గొంతు తక్కువ. ఒళ్ళు వంచి పనిచేసే మగవాళ్ళ జట్టు ఔమగా, ఆడవాళ్ళ సంఘం ఫతుపైపై ఊరి పనుల్ని నడిపిస్తాయి గానీ ఆఖరి మాట పెద్దలదే.

దిబ్బఊట:
నీళ్ళ సంగతి నేను రాస్తాను. అటాల్ అంటే కొబ్బరిచెట్టంత ఎత్తు కూడా లేని నేల. సముద్రమట్టానికి మూడు నుంచి ఐదు మీటర్లు, అంతే. చుట్టూ పగడపు దిబ్బ, దానిమీద సన్నటి ఇసక తిన్నెలు, మధ్యలో ఉప్పు సరస్సు. మన లంక ఏటి ఒండ్రు, వరదొస్తే మేట పడుతుంది, కోత పడుతుంది. అక్కడ పైనుంచి ఒండ్రు తెచ్చే ఏరే లేదు. పగడం, గవ్వలు అరిగి వచ్చిన ఇసకే నేల.

వాన నీరు ఆ ఇసకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద గిన్నెలా తేలుతుంది. మంచినీటి సాంద్రత 1.000, సముద్రపు నీటిది 1.025. ఈ తేడా వల్ల సముద్రమట్టానికి పైన మంచినీరు ఒక అడుగుంటే కింద 40 అడుగులు ఉండాలని గైబెన్-హెర్జ్‌బర్గ్ లెక్క. లెక్క లెక్కే. కొన్ని వందల మీటర్ల వెడల్పున్న తిన్నెలో ఆటుపోట్లకి నీళ్ళు కలిసిపోయి ఆ గిన్నె చాలా పల్చబడుతుంది. మన అంతర్వేది, ఓడలరేవు వైపు ఇసక దిబ్బల మీద లోతు తక్కువ ఫిల్టర్ పాయింటుకి తియ్యటి నీళ్ళు పడి, ఇంకాస్త దింపితే ఉప్పు తగిలేది ఇందుకే. గట్టిగా తోడితే ఇంకా చేటు. పై మట్టం 10 సెంటీమీటర్లు తగ్గితే కింద ఉప్పు 4 మీటర్లు పైకి లేస్తుంది. ఒకసారి బావి చెడితే మళ్ళీ తేరుకోవడానికి వానలు కావాలి, మోటారు ఆపాలి, ఓపిక పట్టాలి.

అందుకని టోకెలావ్ వాళ్ళు నేలని నమ్ముకోలేదు. పూర్వం కొబ్బరిచెట్టు మొదట్లో తొట్టిలా తొలిచి, మాను వెంట జారే వాన నీటిని అందులో పట్టేవారు. ఇప్పుడు రేకుల కప్పు, గొట్టం, సిమెంటు తొట్టి. పిల్లలచేత ఈ లెక్క చేయించండి. 100 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన అంటే 1,000 లీటర్లు. కప్పు కడిగే మొదటి నీళ్ళు, పొంగిపోయేవి తీసేస్తే 800 చేతికొస్తాయి. ఆరుగురున్న ఇంట్లో మనిషికి 40 లీటర్ల చొప్పున రోజుకి 240. తొంభై రోజులు చినుకు పడకపోతే 21,600 లీటర్లు కావాలి. ఆ తొట్టి నిండాలంటే 270 మిల్లీమీటర్ల వాన పడాలి. అక్కడ ఏడాది వాన 2,500 మిల్లీమీటర్లు దాటుతుంది కాబట్టి లోటు వానది కాదు, తొట్టి సైజుది.

చెడేది ఎక్కడంటే, గొట్టం వాలు తప్పితే నీళ్ళు మధ్యలో నిలిచి దోమ. కొబ్బరి మట్టలూ పిట్టల రెట్టా కప్పు మీద పేరుకుంటే తొట్టిలో వాసన. గాలివానకి సముద్రపు తుంపర కప్పు మీద పడితే ఆ మొదటి వాన కూడా ఉప్పే, దాన్ని బయటికి వదిలెయ్యాలి. తొట్టికి పగులు పడితే సరే సరి.

2011 అక్టోబరులో ఇదంతా ఒక్కసారిగా బయటపడింది. పసిఫిక్ నడిమి నీళ్ళు మామూలుకంటే చల్లబడే లా నినా వల్ల నెలల తరబడి వాన లేక, వారానికి కూడా సరిపడా నీళ్ళు లేవని అత్యవసర స్థితి ప్రకటించారు. న్యూజిలాండ్, అమెరికా తీరరక్షక దళం కలిసి ఓడలో నీళ్ళూ, ఉప్పు తీసే యంత్రాలూ చేరవేశాయి. లా నినా అంటే మనకి నైరుతి బాగుంటుందని సంబరం, వాళ్ళకి కరువు. ఒకే గాలి, రెండు ఊళ్ళు.

లంకరేవు:
దిబ్బఊట గారూ, ఆ 40 రెట్ల లెక్క బోర్డు మీద వేసేస్తాను. అటాఫు సరిచేశాను, గౌతమిగట్టు గారూ. ప్రయాణం సంగతి ఎవరైనా? ఇంకోటి, పూర్తి స్వపాలన ఇస్తామన్నా ప్రజలే వద్దన్నారట కదా, ఎందుకు?

పంటుదారి:
విమానాశ్రయం లేదు. సమోవాలోని అపియా నుంచి ఓడ ఒక్కటే దారి, సుమారు 500 కిలోమీటర్లు. మొదట తగిలే ఫకావోఫోకే ఒక రోజు పైన పడుతుంది. అక్కడినుంచి నుకునోనుకి 64 కిలోమీటర్లు, నుకునోను నుంచి అటాఫుకి 92.

సఖినేటిపల్లి రేవులో పంటు ఒడ్డుకి ఆనుతుంది, బండితో సహా దిగిపోతాం. అక్కడ ఆ భాగ్యం లేదు. పగడపు దిబ్బ దాటగానే సముద్రం ఒక్కసారి లోతు, లంగరు అందదు. ఓడ ఇంజను ఆపకుండా బయటే తేలుతూ ఉంటుంది. ఊళ్ళోంచి వచ్చిన పడవలు దాని పక్కకి చేరి, పగడాన్ని పేల్చి తీసిన సన్నటి కాలవలోంచి సరుకూ మనుషుల్నీ ఒడ్డుకి చేరుస్తాయి. అల పైకి లేచినప్పుడు పడవా ఓడ మెట్టూ ఒక మట్టానికి వస్తాయి, కాలు వేయాల్సింది ఆ క్షణంలో. అల దిగుతుండగా వేస్తే మధ్యలో నలుగుతారు. అందుకే దించేవాడు చెయ్యి పట్టుకుని, చెప్పేదాకా కదలనివ్వడు. సముద్రం బాగోకపోతే దించకుండా తర్వాతి దీవికి వెళ్ళిపోవడమూ ఉంది. కాబట్టి తిరుగు టికెట్టు తేదీ గట్టిగా పెట్టుకుంటే తప్పు మనదే.

ఓడెక్కే ముందు ఆ దీవి తౌపులేగా అనుమతి, ఉండటానికి చోటు ఖాయమైనట్టు మాట, రెండూ కావాలి. ఇవన్నీ అపియాలో వాళ్ళ కార్యాలయం ద్వారానే. వాడేది న్యూజిలాండ్ డాలరు. ఏటీఎం లేదు, చేతిలో నోట్లు ఉండాలి. పాత అట్లాసులో టైము చూడకండి. 2011 డిసెంబరు 30ని సమోవాతో పాటు వీళ్ళూ వదిలేసి, 29 తర్వాత నేరుగా 31లోకి వచ్చారు. ఇప్పుడు మనకంటే ఏడున్నర గంటలు ముందు.

గౌతమిగట్టు:
రెండో ప్రశ్నకి. వద్దన్నారు అనడం సరికాదండి, మెజారిటీ ఔననే అన్నారు, గీత దాటలేదు. కుక్ దీవులు 1965లో, నియూ 1974లో న్యూజిలాండ్‌తో స్వేచ్ఛా అనుబంధంలోకి, అంటే తమ పాలన తామే చూసుకుంటూ న్యూజిలాండ్‌తో ముడి నిలుపుకునే ఏర్పాటులోకి, వెళ్ళాయి. టోకెలావ్‌కీ అదే ఇవ్వాలని ఓటు పెట్టారు. షరతు మూడింట రెండొంతులు. 2006 ఫిబ్రవరిలో 581 ఓట్లలో 349 ఔను, 60 శాతం. 2007 అక్టోబరులో 692కి 446, అంటే 64.5 శాతం. కావాల్సింది 462. పదహారు ఓట్లు తక్కువ. మన పంచాయతీ వార్డు ఎన్నికలో కూడా అంతకంటే పెద్ద తేడాలు చూస్తాం.

జంకిందెందుకంటే, దీవుల్లో ఉన్నది 1,500 మంది అయితే న్యూజిలాండ్‌లో 2018 లెక్కకి టోకెలావ్ మూలాలున్నవాళ్ళు 8,676 మంది. వాళ్ళకి ఈ ఓటు లేదు, కానీ ఇంటింటికీ ఒకరు అక్కడున్నారు. రేపు పౌరసత్వానికీ, న్యూజిలాండ్ ఇచ్చే డబ్బుకీ, ఆసుపత్రికీ ముప్పు రాదు కదా అన్న భయం. రాదని ఎంత చెప్పినా ఆ భయం తీరలేదు. నా మటుకు నాకు ఆ భయం అర్థంలేనిది అనిపించదు. ఓడ ఆగిపోతే బియ్యం రాని ఊరది.

పిందెకొబ్బరి:
బతుకుతెరువు మిగిలింది కాబట్టి నేను. కొబ్బరి నిండా ఉన్నా అమ్మకం లేదు. ఒకప్పుడు చిప్పలెండబెట్టి ఎగుమతి చేసేవారు. ఓడ కిరాయి పోను ఏం మిగలదు. అంబాజీపేటలో ధర పడిందని మనం గోలపెడతాం, అక్కడ మార్కెట్టే ఓడకి అవతల ఉంది. సొంత ఆదాయంలో పెద్దది చేప. నేల సుమారు 12 చదరపు కిలోమీటర్లే అయినా చుట్టూ సముద్ర హక్కు సుమారు 3,19,000 చదరపు కిలోమీటర్లు. అందులో ట్యూనా పట్టే విదేశీ పడవల లైసెన్సు ఫీజు వాళ్ళదే. మిగతాది న్యూజిలాండ్ సాయం.

తిండిలో మనకి తెలిసినవే ఎక్కువ: సీమపనస, కొబ్బరి, గుంటలు తవ్వి పెంచే చేమజాతి దుంప. మన మొగలికి చుట్టమైన చెట్టు ఉంది, దాని పండు తింటారు. క్లాసులో ఇనాతి గురించి చెప్పడం మర్చిపోకండి. ఊరంతా కలిసి వేటాడిన చేపని ఒడ్డున కుప్పపోసి, ఇంట్లో తలల లెక్కన వాటాలు వేస్తారు. పసిబిడ్డకీ వాటా, మంచంపట్టిన ముసలాయనకీ వాటా, వేటకి వెళ్ళినవాడికీ అంతే. తాబేలు, కొమ్ముచేప లాంటివి ఒక్కడికి దొరికినా ఇంటికి పట్టుకుపోకూడదు, ఇనాతికి తేవాల్సిందే.

కరెంటు 2012 నుంచి ఎక్కువగా సౌరశక్తి. మూడు దీవుల్లో కలిపి నాలుగువేల పైచిలుకు పలకలు పెట్టారు. అంతకుముందు డీజిలు పీపాలు కూడా పంటుదారి గారు చెప్పిన ఆ సన్నటి కాలవలోంచే దించుకునేవారు. ఇప్పుడు తలనొప్పి బ్యాటరీలు. ఆయుష్షు తీరిన ఆ బరువుల్ని మళ్ళీ అదే కాలవలోంచి, అదే పడవలో, అల చూసుకుని ఓడకెక్కించాలి.