‘హార్డ్‌బాల్ ఆడుతున్నారు’ అంటే ఏమిటని అడిగిన మీకు

నమస్కారమండి. అద్దె ఇంటి బేరంలో ఏజెంటు "యజమాని హార్డ్‌బాల్ ఆడుతున్నాడు" అన్నాడనీ, అది తిట్టో హెచ్చరికో తెలియక రాత్రంతా ఆలోచించాననీ రాశారు. మొహమాటం, జాలి పక్కనపెట్టి, ఎదుటివారికి ఎంత ఇబ్బందైనా తన మాటే నెగ్గించుకోవాలని ఆ యజమాని పట్టుపట్టాడని దాని భావం.

ఈ మాట బేస్‌బాల్ మైదానం నుంచి వచ్చింది. 1887లో చికాగోలో ఒక బోట్ క్లబ్ హాలులో, బాక్సింగ్ గ్లవ్‌నే బంతిగా చుట్టి, కర్రతో కొడుతూ మొదలుపెట్టిన ఆట తరువాత సాఫ్ట్‌బాల్‌గా ఎదిగింది. దానితో పోల్చి చెప్పేటప్పుడు అసలు బేస్‌బాల్‌ను హార్డ్‌బాల్ అంటారు. నిజానికి ఇప్పటి సాఫ్ట్‌బాల్ బంతి బేస్‌బాల్ కంటే పెద్దది, బరువైనది కూడా. అయితే దానిని చేతిని కిందినుంచి తిప్పి విసురుతారు; బేస్‌బాల్‌ను భుజం మీదుగా, గంటకు 145 కిలోమీటర్లు దాటే వేగంతో విసురుతారు. 1920లో రే చాప్‌మన్ అనే బేస్‌బాల్ ఆటగాడు తలకు బంతి తగిలి మరునాడే మరణించాడు. మన వీధుల్లో టెన్నిస్ బంతితో ఆడిన పిల్లవాడు మొదటిసారి కార్కు బంతికి ఎదురుగా నిలబడినప్పుడు కలిగే జంకును గుర్తు చేసుకుంటే, ఈ నుడికారంలోని పదును మీకు వెంటనే అందుతుంది. 1970ల నుంచి రాజకీయాల్లోనూ, వ్యాపార బేరాల్లోనూ ఇది బాగా వాడుకలో ఉంది. సులువైన ప్రశ్నను ‘సాఫ్ట్‌బాల్ ప్రశ్న’ అనడమూ మీరు వింటారు.

ఈ మాటలో కటువుదనం ఉంది కానీ, మోసం చేశాడన్న ఆరోపణ ఉండనవసరం లేదు. అందుకే మీరు నొచ్చుకోకండి. అద్దె తగ్గించనని భీష్మించుకోవడం హార్డ్‌బాల్; మీరు ఫలానా దేశం నుంచి వచ్చారని ఇల్లు నిరాకరించడం మాత్రం అమెరికాలో 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం నిషేధించిన పని. ఈ రెండింటినీ కలిపి చూడకండి.

మరొక మాట. ఏజెంటుతో మాట్లాడేటప్పుడు ఈ నుడికారం వాడవచ్చు కానీ, యజమానికే నేరుగా "మీరు హార్డ్‌బాల్ ఆడుతున్నారు" అని రాయకండి. అది నిష్ఠూరంగా వినిపించి బేరం చెడుతుంది. ఆయన పట్టు అద్దె మీదనా, డిపాజిట్ మీదనా, ఇంట్లో చేరే తేదీ మీదనా అని ఏజెంటును అడిగి, జవాబును ఈమెయిల్‌లో రాయించుకోండి.