బీరువాలో ఎనిమిది తులాల బంగారం ఉండగా కార్డులకు వడ్డీ కట్టుకుంటూ పోవడం సరైనదేనా?

ప్రశ్న: నిజాంపేట ఉపాధ్యాయురాలు

అందరికీ నమస్కారం. మాకు పెళ్లయి రెండేళ్లు దాటింది. నిజాంపేటలో అద్దె ఇంట్లో ఉంటున్నాము. మా వారు అమీర్‌పేటలో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తారు, నేను ఇంటికి దగ్గరలోని ఒక ప్రైవేటు పాఠశాలలో పనిచేస్తాను. ఆయన చేతికి 42,000, నా చేతికి 21,000, వెరసి నెలకు 63,000 రూపాయలు వస్తాయి. ఇద్దరు మనుషులకు అది చాలదా అని బంధువులు అడుగుతారు. చాలడం లేదు కాబట్టే ఇక్కడ రాస్తున్నాను.

మా ఆడపడుచు పెళ్లికి మా వారు బ్యాంకులో 16 శాతం వడ్డీకి 5 లక్షల వ్యక్తిగత రుణం తీసుకున్నారు. నెలకు 12,160 రూపాయల ఈఎంఐ చొప్పున 60 నెలలు కట్టాలి. ఇప్పటికి 22 కట్టాము, అసలు ఇంకా 3,60,000 దాకా ఉంది. నిరుడు మా మామయ్యగారికి గుండె ఆపరేషన్ అయినప్పుడు రెండు క్రెడిట్ కార్డులూ గీకవలసి వచ్చింది. ఒకదానిపై 85,000, ఇంకొకదానిపై 60,000 బాకీ ఉంది. అది చాలక, పెదమామయ్యగారికి తెలిసినవారి దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రోనోటు రాసి 1,50,000 తెచ్చారు. ఇవి కాక నెలకు 5,000 చొప్పున 40 నెలల 2 లక్షల చీటీ ఒకటి వేస్తున్నాము, 17 నెలలు కట్టాము, ఇంకా పాడుకోలేదు.

అద్దె, మెయింటెనెన్సు కలిపి 14,500. సూర్యాపేటలో ఉన్న అత్తయ్య, మామయ్యగార్లకు 5,000 పంపుతాము. కార్డులకు కనీస మొత్తం కింద 7,250, చేబదులు వడ్డీ 3,000, ఈఎంఐ, చీటీ అన్నీ పోగా ఇల్లు నడవడానికి 16,000 మిగులుతుంది. ఇరవయ్యో తారీఖు వచ్చేసరికి అదీ అయిపోయి, పెట్రోలుకో కిరాణాకో మళ్లీ ఆ కార్డే బయటికి తీస్తున్నాము.

మొన్న ఆదివారం రాత్రి కార్డుల స్టేట్‌మెంట్లు ముందు వేసుకుని కూర్చున్నాము. మేము కట్టిన 7,250 లో దాదాపు 6,000 వడ్డీకీ, దాని మీద పన్నుకూ పోయి, అసలులో తగ్గింది 1,260 రూపాయలు మాత్రమే. ఆ అంకె చూశాక నేను లేచి, పెళ్లి చీర మడతల్లో దాచిన స్టీలు డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టాను. అందులో మా అమ్మానాన్నలు పెట్టిన ఎనిమిది తులాల బంగారం, ఒక హారం, నాలుగు గాజులు, గొలుసు, బుట్టలు ఉన్నాయి. ఆయన మూత కూడా తీయకుండా దాన్ని తిరిగి బీరువాలో పెట్టి, "మీ నాన్న రెక్కలు ముక్కలు చేసుకుని చేయించిన వస్తువులు మా ఇంటి అప్పుకు ముట్టుకోను" అన్నారు.

ఆయన మాటలోని అభిమానం నాకు అర్థమవుతుంది. కానీ ఆ స్టేట్‌మెంటు కళ్ల ముందు నుంచి పోవడం లేదు. బంగారం కుదువ పెట్టడం మంచిదా, అమ్మేయడం మంచిదా, లేక అన్నీ కలిపి ఒకే పెద్ద రుణం తీసుకోవడం మంచిదా? పది నిమిషాల్లో అప్పు ఇస్తామని ఫోనుకు వచ్చే సందేశాల సంగతి ఏమిటి? దయచేసి అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1: విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, బోయిన్‌పల్లి

అమ్మా, మీరు లెక్కలన్నీ దాచకుండా రాశారు కాబట్టి సూటిగా చెప్పగలుగుతున్నాను. మీ అప్పుల్లో పెద్దది వ్యక్తిగత రుణం, కానీ ప్రమాదమైనవి కార్డులు. నెలకు 3.5 శాతం అంటే ఏడాదికి 42 శాతం, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ అదనం. బాకీలో 5 శాతం చొప్పున కనీస మొత్తమే కట్టుకుంటూ పోతే, ఇక ఒక్క రూపాయి కూడా కొత్తగా వాడకపోయినా ఆ బాకీ సగానికి దిగడానికే ఆరేళ్లు దాటుతుంది. కౌంటరు దగ్గరికి వచ్చే చదువుకున్నవారిలో కూడా చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. పూర్తి బాకీ కట్టని నెల నుంచి వడ్డీ లేని రోజులు అనేవే ఉండవు, కాబట్టి ఇరవయ్యో తారీఖున మీరు పోయించుకున్న పెట్రోలుకు ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

అదే 1,45,000 ను బ్యాంకులో బంగారం మీద 10 శాతానికి తెచ్చుకుంటే నెల వడ్డీ 1,208 రూపాయలు. ఇప్పుడు కార్డులకు కడుతున్న 7,250 నే తగ్గించకుండా ఆ ఖాతాలో జమ చేస్తే 22 నెలల్లో అప్పు తీరి వస్తువులు ఇంటికి వస్తాయి. బంగారం విలువలో ఎక్కువ భాగం దాకా రుణం ఇస్తారు కాబట్టి ఎనిమిది తులాల్లో సగం కూడా అవసరం పడదు. బ్యాంకులో నగల పరీక్ష చేసే ఆయన వస్తువును గీటురాయి మీద గీసి, ఆ గీత మీద యాసిడ్ చుక్క వేసి చూస్తారు. రాళ్లు పొదిగిన వస్తువైతే రాళ్ల బరువు తీసేసి లెక్కగడతారు. అందుకని హారం జోలికి పోకుండా గాజులు తీసుకెళ్లడం మేలు. అమ్మడం మాత్రం వద్దమ్మా. చేయించినప్పుడు ఇచ్చిన తరుగు, మజూరీ డబ్బు అమ్మేటప్పుడు పైసా తిరిగి రాదు.

ఇలాంటి రుణానికి సాధారణంగా ఏడాది గడువు ఉంటుంది, అప్పటికి తీరని బాకీకి మళ్లీ రాయించుకోవాలి. గడువు తేదీని గోడ క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి. వేలం వేసే ముందు బ్యాంకు నోటీసు పంపుతుంది కానీ, ఆ నోటీసు దాకా రానివ్వకూడదు. అన్నీ కలిపే పెద్ద రుణం మీకు పనికిరాదు, ఎందుకంటే పాతదాన్ని ముందే మూసినందుకు రుసుము కట్టి మళ్లీ అదే 16 శాతం దగ్గర నిలబడతారు. ఫోను సందేశాల విషయానికి వస్తే, అప్పు సొమ్ము నేరుగా మీ బ్యాంకు ఖాతాలోనే పడాలని, మీ ఫోనులోని పేర్ల జాబితాను ముట్టుకోకూడదని రిజర్వు బ్యాంకు 2022 లోనే నిబంధన పెట్టింది. ఆ జాబితాకు అనుమతి అడిగే యాప్‌ను అక్కడికక్కడే తీసేయండి.

నా సలహా ఏమిటంటే, చేబదులు 1,50,000 కూడా కలిపి మొత్తం 2,95,000 బంగారం మీదే తెచ్చుకోండి. కార్డులకూ వడ్డీకీ ఇప్పుడు పోతున్న 10,250 ను ప్రతి నెలా అందులో కడితే 33 నెలల్లో రెండూ తీరిపోతాయి.

జవాబు 2: ఎర్రగడ్డ గృహిణి

పెద్దాయన చెప్పిన లెక్క సరైనదే. అయితే ఆ లెక్క ప్రకారమే నడిచి, ఆరేళ్ల క్రితం మేము దెబ్బతిన్నాము కనుక ఒక మాట చెప్పాలనిపించింది. మేము నా గొలుసు, గాజులు బ్యాంకులో పెట్టి కార్డులు ఖాళీ చేశాము, కానీ కార్డులను మా దగ్గరే ఉంచుకున్నాము. పండుగకు బట్టలని, పాపకు జ్వరమని, స్కూలు ఫీజని ఏడాది తిరిగేసరికి కార్డు మళ్లీ నిండింది, బంగారమూ బ్యాంకులోనే ఉంది. ఒక అప్పు ఉన్నచోట రెండు అప్పులు తయారయ్యాయి. అందుకని డబ్బు చేతికి వచ్చిన రోజే బాకీ కట్టి, కార్డు మూసేయమని రాతపూర్వకంగా అడగండి. బాకీ లేని కార్డును ఏడు పనిదినాల్లో మూయాలని, ఆలస్యం చేస్తే రోజుకు 500 రూపాయలు మనకు చెల్లించాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. మాకు ఫోనులో రెండుసార్లు బతిమాలారు, ఉచితంగా ఇస్తామన్నారు. మేము ఒప్పుకోలేదు.

ఇరవయ్యో తారీఖు సమస్యకు నేను చేసింది ఇది. ఇంటి ఖర్చు మొత్తాన్ని ఒకేసారి ఖాతాలో ఉంచకుండా, వారానికి ఇంత అని నగదు తీసి పప్పుల డబ్బాల వెనుక నాలుగు కవర్లలో పెట్టేదాన్ని. మీకు వారానికి 4,000 వస్తుంది. ఆ వారం కవరు అయిపోతే పక్క కవరు తెరవకూడదు, అంతే. కూరగాయలు వారానికోసారి రైతుబజారులో తెచ్చుకునేవాళ్లం, ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి కాబట్టి బేరంతో పని లేదు. 2023 డిసెంబరు 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు కదా, మీరు వీలైనప్పుడల్లా బస్సెక్కండి. అత్తమామలకు పంపే 5,000 మాత్రం తగ్గించకండి. ఆపరేషన్ అయిన మనిషికి మందులు ఆగితే ఆ ఖర్చు ఇంకోరకంగా మీ మీదికే వస్తుంది.

ఇక మీ వారి మాట. పుట్టింటివారు పెట్టిన బంగారం స్త్రీధనం, దాని మీద నిర్ణయం మీదే, చట్టమూ అదే చెబుతుంది. అయినా ఆయన మనసు కష్టపెట్టి చేసే పని కాదు ఇది. రుణం మీ పేరు మీద తీసుకోండి, రసీదు మీ దగ్గర ఉంచుకోండి, నెల నెలా కట్టే డబ్బు మాత్రం ఆయన ఖాతా నుంచి వెళ్లేలా చూడండి. విడిపించే రోజు వస్తువులు మీ చేతికే ఇస్తారు. ఆ రోజు దాకా కట్టింది తానేనన్న తృప్తి ఆయనకు ఉంటుంది. మా ఇంట్లో ఈ గొడవ ఇలాగే సర్దుకుంది.

జవాబు 3: చీటీల లెక్క తెలిసినవాడిని, దిల్‌సుఖ్‌నగర్

పై ఇద్దరూ చీటీ సంగతి వదిలేశారు. నా దృష్టిలో మీ చేబదులు తీరే దారి అక్కడే ఉంది, అందుకోసం బంగారం మీద 2,95,000 తేవలసిన అవసరం లేదు. ముందుగా ఆ చీటీ రిజిస్ట్రారు దగ్గర నమోదైనదో కాదో చూసుకోండి. 1982 చిట్ ఫండ్ చట్టం కింద నమోదైతే మీ దగ్గర ఒప్పంద పత్రం ఉండాలి. కాలనీలో ఎవరో నడిపే నోటిమాట చీటీ అయితే వీలైనంత త్వరగా పాడుకుని బయటపడటం మరీ అవసరం.

ఇప్పుడు లెక్క చూడండి. చివరి దాకా ఆగితే నిర్వాహకుడి కమీషను 5 శాతం పోను 1,90,000 వస్తుందనుకుందాం. వచ్చే నెల 40,000 తగ్గించి పాడితే చేతికి 1,60,000 వస్తుంది. అంటే 22 నెలలు ముందుగా తీసుకున్నందుకు 30,000 వదులుకుంటారు. ఆ 22 నెలలూ చేబదులుకు నెలకు 3,000 చొప్పున కట్టే వడ్డీ 66,000. వదులుకునేది ముప్పై, మిగిలేది అరవై ఆరు. అయితే పాట 50,000 దాటి పోతే ఆ నెలకు ఆగండి, ఎందుకంటే అప్పుడు చేబదులు పూర్తిగా తీరదు, తీరకపోతే ఈ పని చేయడంలో అర్థం లేదు. పాడుకున్నాక డబ్బు ఇవ్వడానికి జామీనుదారులను అడుగుతారు కాబట్టి వారిని ఇప్పుడే మాట్లాడిపెట్టుకోండి.

చేబదులు తీర్చిన రోజున ప్రోనోటు తప్పకుండా వెనక్కి అడగండి. "తెలిసినవారే కదా, తర్వాత ఇస్తారులే" అని ఊరుకున్న మా బావగారు నాలుగు నెలల తర్వాత అదే కాగితం గురించి పంచాయితీలో కూర్చోవలసి వచ్చింది. చెల్లు రాయించుకుని, సంతకం పెట్టించుకుని, కాగితం చేతికి వచ్చాకే ఇంటికి బయలుదేరండి.

ఇలా చేస్తే బంగారం మీద కార్డుల 1,45,000 మాత్రమే ఉంటుంది. మిగిలిన 3,000 వడ్డీని కూడా కలిపి నెలకు 10,250 కట్టగలిగితే 15, 16 నెలల్లో గాజులు ఇంటికి వస్తాయి.

జవాబు 1 ఇచ్చినవారు మళ్లీ

చీటీ లెక్క నాది కంటే మెరుగ్గా ఉంది, నా సలహాలో ఆ భాగాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్క జాగ్రత్త చెప్పాలి. చీటీ పాట కోసం ఎదురుచూస్తూ కార్డుల పని ఆపకండి. నెల ఆలస్యమైతే పోయేది దాదాపు 4,800 రూపాయలు.

ప్రశ్న అడిగినవారు

మీ అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఈ జవాబులన్నీ మా వారికి చదివి వినిపించాను. బోయిన్‌పల్లి పెద్దాయన మాటలకు ఆయన ఏమీ అనలేదు. దిల్‌సుఖ్‌నగర్ వారి చీటీ లెక్కను కాగితం మీద తనే ఇంకోసారి వేసుకుని సరిచూశారు. ఎర్రగడ్డ అక్క రాసిన మాట దగ్గర మాత్రం నన్ను ఆపి, రుణం నా పేరు మీద ఉంటే కట్టేది తాను కావచ్చా అని బ్యాంకులో అడిగి తెలుసుకోమన్నారు. ఈ రోజు మధ్యాహ్నం ఫోను చేసి అడిగాను. ఎవరి ఖాతా నుంచైనా కట్టవచ్చని చెప్పారు.

గాజులు మాత్రమే తీసుకెళ్లాలని అనుకున్నాము. డబ్బా మూత ఈసారి ఆయనే తీసి, నాలుగు గాజులనూ చేతిరుమాలులో చుట్టి నా సంచిలో పెట్టారు. వచ్చే శనివారం బ్యాంకు తెరిచే ఉంటుంది కాబట్టి ఆ రోజే వెళ్తున్నాము, కార్డులు మూయమని రాసిన రెండు ఉత్తరాలు కూడా సిద్ధం చేశాను. చీటీ నమోదైనదే, ఒప్పంద పత్రం దొరికింది. జామీనుకు ఆయన ఆఫీసులో ఇద్దరిని అడిగారు. ఒకరు సరేనన్నారు, రెండోవారు ఇంట్లో అడిగి సోమవారం చెబుతానన్నారు.