పాత ఆల్టో వెనక చప్పుడు: షాకబ్జార్బర్లు మార్చినా తగ్గలేదు

దేవరకొండ_ఆల్టో
మాది 2009 ఆల్టో, ఏపీ 24 నంబరు. 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్ మరో 5 ఏళ్లకు పొడిగించుకున్నాం కాబట్టి ఇప్పట్లో అమ్మే ఉద్దేశం లేదు. ఇంజన్ బాగుంది. బాధంతా వెనక చక్రాల దగ్గరే. మల్లేపల్లి నుంచి మా పొలం వైపు తిరిగే రోడ్డును ట్రాక్టర్ల కేజ్ వీల్స్ (దమ్ము చేసే ఇనుప చక్రాలు) గాట్లు గాట్లుగా కోసేశాయి. ఆ గాట్ల మీద నెమ్మదిగా పోతుంటే వెనక కుడివైపు నుంచి టక్ టక్ మని వస్తుంది. స్పీడ్ బ్రేకర్ మీద మాత్రం పెద్దగా వినిపించదు. లారీని దాటడానికి స్టీరింగ్ తిప్పితే ముందు భాగం తిరిగాక వెనక భాగం కాస్త ఆలస్యంగా పక్కకు జరుగుతుంది. గ్యారేజీలో చూపిస్తే కిందికి వంగైనా చూడకుండా రెండు షాకబ్జార్బర్లూ పోయాయని చెప్పి మార్చారు. డబ్బు పోయింది, చప్పుడు ఉంది. ఇలాంటిది ఎవరికైనా వచ్చిందా?

జడ్చర్ల_షెడ్డు
తమ్ముడూ, నువ్వు రాసిన గుర్తుల్లోనే సగం జవాబుంది. షాకబ్జార్బర్ పోతే బండి గుంటలో పడి లేచాక ఊగుతూనే ఉంటుంది. టైరు మీద అరచేయి పెట్టి చుట్టూ నిమిరితే ఎత్తుపల్లాలుగా అరిగినట్టు తెలుస్తుంది. గొట్టం మీద నూనె కారి దుమ్ము పేరుకుంటుంది. ఇవేవీ లేకుండా చిన్న గాట్ల మీద మాత్రమే టక్ మంటోందంటే ఎక్కడో ఇనుముకు ఇనుము తగులుతోంది. అంటే మధ్యలో ఉండాల్సిన రబ్బరు పోయింది.

ఆల్టోలో వెనక రెండు చక్రాలకూ కలిపి ఒకే గట్టి యాక్సిల్ ఉంటుంది. దాన్ని మూడు కడ్డీలు పట్టి ఉంచుతాయి. ముందువైపు నుంచి వచ్చి యాక్సిల్‌ను అందుకునే ట్రెయిలింగ్ ఆర్మ్‌లు రెండు, అడ్డంగా ఒక కొస బాడీకి, రెండో కొస యాక్సిల్‌కు తగిలించిన లేటరల్ రాడ్ ఒకటి. స్ప్రింగు బరువు మోస్తుంది, షాకబ్జార్బర్ ఊపును ఆపుతుంది. యాక్సిల్‌ను ముందుకూ వెనక్కూ పక్కకూ జరగకుండా నిలబెట్టేది మాత్రం ఈ మూడు కడ్డీలే, వాటి చివరల్లో రెండు ఇనుప గొట్టాల మధ్య రబ్బరు నింపిన బుష్‌లే. వెనక భాగం పక్కకు జరుగుతోందంటే నా అనుమానం ముందు లేటరల్ రాడ్ మీదికే పోతుంది. బ్రేకు వేసినప్పుడో, మొదటి గేరులో కదిలేటప్పుడో ఒక్క దెబ్బ వినిపిస్తే ట్రెయిలింగ్ ఆర్మ్ బుష్‌లు చూడాలి.

చూసే పద్ధతి చెబుతాను. నాలుగు చక్రాలూ నేల మీదే ఉండాలి. గుంత ఉన్న షెడ్డు అయితే మంచిది. ఒకరు బండి పక్కన నిలబడి బాడీని అటూ ఇటూ ఊపాలి. నువ్వు కింద ఉండి లేటరల్ రాడ్ చివర, బుష్ పక్కన వేలు ఆనించు. రబ్బరు బాగుంటే కడ్డీ, బ్రాకెట్ కలిసి కదులుతాయి. పోయి ఉంటే ‘కటుక్’ మని వేలికే దెబ్బ తెలుస్తుంది. తరువాత ప్రతి బుష్ దగ్గరా పెద్ద స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పి చూడు. రబ్బరు స్లీవ్ (బుష్ ఇనుప గొట్టం) నుంచి విడిపోయి సన్నని చీలిక కనిపిస్తే అదే దొంగ. మన ఎండలకు పైకి పగుళ్లు ఎలాగూ ఉంటాయి. పైపగులు వేరు, విడిపోవడం వేరు.

వనపర్తి_ఇండికా
ఇవన్నీ చూసే ముందు డిక్కీ ఖాళీ చేయండి. జాకీ, స్టెప్నీ, పానాలు, వెనక సీటు కొక్కెం, సైలెన్సర్ వేలాడే రబ్బర్లు, ఇవన్నీ అచ్చం సస్పెన్షన్ లాగే చప్పుడు చేస్తాయి. మా బండిలో స్టెప్నీ బిగించే బోల్టు వదులై చాలాకాలం ఏడిపించింది.

దేవరకొండ_ఆల్టో
డిక్కీ ఖాళీ చేశాను, మార్పు లేదు. అన్న చెప్పినట్టు మా తమ్ముడు ఊపుతుంటే కింద పడుకుని చూశాను. లేటరల్ రాడ్ బాడీవైపు చివర దెబ్బ స్పష్టంగా తెలిసింది. కుడి ట్రెయిలింగ్ ఆర్మ్ ముందు బుష్‌లో కూడా రబ్బరు ఒకవైపు విడిపోయింది. పాత ఇంజన్ ఆయిల్ పూస్తే చప్పుడు పోతుందని ఒకరు చెబుతున్నారు. పూయవచ్చా?

జడ్చర్ల_షెడ్డు
వద్దు. ఇంజన్ ఆయిలు, డీజిలు, మామూలు గ్రీజు ఈ రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తాయి. కిర్రు మనే చోటు కనిపెట్టాలంటే ఒక్కో బుష్ మీదా సబ్బునీళ్లు చల్లి చూడు. ఏది తడిస్తే కాసేపు కిర్రు ఆగుతుందో దోషం అక్కడే. అది కనిపెట్టడానికే తప్ప మందు కాదు.

బుష్‌లు మార్చేటప్పుడు రెండు వైపులవీ కలిపి మార్చు. షాకబ్జార్బర్ల జతకు పెట్టిన డబ్బులో ఇవి చిన్న వంతు. మీ దగ్గర సరైన సరుకు దొరక్కపోతే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతాయి. పాతది చేతిలో పట్టుకుని వెళ్లు, లోపలి బోరు, బయటి వ్యాసం, పొడవు మూడూ పోల్చి తీసుకో. సుత్తితో కొట్టి ఎక్కించనివ్వకు. బయటి స్లీవ్ సొట్టపోతే కొత్త బుష్ వర్షాకాలం కూడా దాటదు. లేత్ షాపులో ప్రెస్ మీద ఎక్కించమను. బోల్టులు తుప్పుపట్టి లోపలి స్లీవ్‌కు కరుచుకుని ఉంటాయి, ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచు.

ఇప్పుడు అసలు సంగతి. మా షెడ్డుకు వచ్చే బండ్లలో కొత్త బుష్‌లు తొందరగా చిరగడానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఇదే. ఈ బుష్ బోల్టు మీద గుండ్రంగా తిరగదు. బోల్టు బిగించగానే లోపలి స్లీవ్ బ్రాకెట్‌కు అతుక్కుపోతుంది. ఆ తరువాత ఆర్మ్ పైకీ కిందికీ కదిలినప్పుడల్లా రబ్బరే మెలి తిరిగి మళ్లీ తన స్థితికి వస్తుంది. బండిని జాకీ మీద లేపి, చక్రాలు వేలాడుతుండగా బోల్టు బిగించారనుకో. కిందికి దింపగానే రబ్బరు తడిబట్ట పిండినట్టు మెలిపడి, బండి ఊరికే నిలబడి ఉన్నప్పుడు కూడా అలాగే ఉంటుంది. గుంటలో పడినప్పుడు ఇంకా మెలిపడుతుంది. ఇక చిరగక ఏమవుతుంది? కాబట్టి బోల్టులు ముందు చేతి బిగువుకే ఉంచి, బరువంతా చక్రాల మీద పడ్డాకే గట్టిగా బిగించాలి. గుంత లేకపోతే స్టాండ్లను బాడీ కింద కాకుండా యాక్సిల్ కింద పెట్టండి. అప్పుడు కూడా బరువు స్ప్రింగుల మీదే ఉంటుంది. ముందు చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టడం మరిచిపోవద్దు. ఒట్టి జాకీ మీద నిలిపిన బండి కిందికి ఎవరూ దూరకండి, ఎంత అనుభవం ఉన్నా సరే.

వనపర్తి_ఇండికా
ఈ ఒక్క మాట కోసం అన్నకు దండం. మా ఇండికాకు వెనక ఒకే యాక్సిల్ ఉండదు, ఒక్కో చక్రానికి ఒక్కో సెమీ ట్రెయిలింగ్ ఆర్మ్. టైర్లు లోపలి అంచున మాత్రమే అరుగుతుంటే అలైన్‌మెంట్ దోషమని పదేపదే ముందు చక్రాలు సరిచేశారు. చివరికి తెలిసిందేమిటంటే వెనక స్ప్రింగులు కూర్చుండిపోయాయి. ఈ తరహా సస్పెన్షన్‌లో బండి కుంగే కొద్దీ చక్రాల పైభాగం లోపలికి వాలుతుంది. సమంగా ఉన్న నేల మీద చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా రెండు వైపులా టేపుతో కొలిస్తే ఏ వైపు ఎక్కువ కుంగిందో చెప్పవచ్చు. ఎత్తు పెంచడానికి స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు ముక్కలు ఇరికిస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు. రబ్బరు పెట్టిన చోట చుట్లు పనిచేయవు, మిగతా చుట్ల మీద భారం పెరుగుతుంది. రెండు స్ప్రింగులూ కొత్తవి వేయించాను.

దేవరకొండ_ఆల్టో
పని అయిపోయింది. లేటరల్ రాడ్ రెండు బుష్‌లు, ట్రెయిలింగ్ ఆర్మ్‌ల బుష్‌లన్నీ మార్పించాను. మెకానిక్ బండి గాలిలో ఉండగానే బిగించబోయారు. ఆగమని అడిగి, స్టాండ్లు యాక్సిల్ కిందికి మార్పించి, అప్పుడు బిగింపించాను. పాత లేటరల్ రాడ్ బుష్ చేతిలోకి తీసుకుంటే లోపలి స్లీవ్ వేలితో నెడితేనే బయటికి వచ్చేసింది. ఎడమ స్ప్రింగు కింది చుట్టు కొన విరిగి మట్టిలో కూరుకుపోయి ఉంది, కడిగితే గానీ కనబడలేదు. స్ప్రింగులు కూడా జతగా మార్చాం. ఇప్పుడు కేజ్ వీల్ గాట్ల మీద టైర్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

బత్తాయి_ఓమ్ని
అందరికీ నమస్కారం. నాది ఓమ్ని వ్యాను, వెనక స్ప్రింగుల బదులు కమాన్ పట్టీలు (ఒకదానిమీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు). తోట నుంచి నల్లగొండకు బత్తాయి తెస్తాను. ఈమధ్య స్టీరింగ్ నిటారుగా ఉన్నా బండి కాస్త ఏటవాలుగా పోతోందని వెనక వచ్చేవాళ్లు చెబుతున్నారు. ఇంకో పట్టీ వేయిస్తే బలం వస్తుందంటున్నారు. వేయించనా?

జడ్చర్ల_షెడ్డు
పట్టీ సంగతి తరువాత. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్య దాకా రెండు వైపులా కొలవండి. ఓమ్నికి 1840 మిల్లీమీటర్లు ఉండాలి. ఒకవైపు తేడా వస్తే ఆ వైపు కమాన్ కట్ట మధ్యలోని సెంటర్ బోల్టు విరిగి యాక్సిల్ వెనక్కో ముందుకో జరిగి ఉంటుంది. కట్టను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులు వదులైతే ముందు విరిగేది అదే. ఆ స్థితిలో లోడు వేసుకుని తిరగడం ప్రమాదం.

పాత కమాన్లను కొలిమిలో కాల్చి వంచితే మళ్లీ లేస్తాయని కొందరు చేయిస్తారు. ఉక్కు పదును పోయి త్వరలోనే కూర్చుంటాయి. అదనపు పట్టీ వేస్తే ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది. పైగా లోడును బట్టి వెనక బ్రేకుల ఒత్తిడిని సర్దే వాల్వు ఉన్న బండ్లలో ఎత్తు మారితే ఆ వాల్వు లెక్క కూడా తప్పుతుంది.

బత్తాయి_ఓమ్ని
కొలిచాను గారూ. ఎడమవైపు బొటనవేలి మందం తక్కువ ఉంది. సెంటర్ బోల్టు తల ఊడిపోయింది. యూ బోల్టులు పాతవే వాడవచ్చా?

జడ్చర్ల_షెడ్డు
కొత్తవే వేయండి. ఒకసారి సాగిన యూ బోల్టు మళ్లీ అదే బిగువు పట్టదు. మొదటి లోడు దించిన రోజే నట్లు మరోసారి బిగించండి, పట్టీలు సర్దుకున్నాక తప్పకుండా కొంత వదులవుతాయి.