కాంటాక్ట్ క్లాసులకు రాకపోతే హాల్‌టికెట్ ఆపేయడం న్యాయమేనా?

చంద్రగిరి చదువరి:
దూరవిద్యలో ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నా. మా యూనివర్సిటీ (పేరు ఇక్కడ అనవసరం) ఈసారి కొత్త మెలిక పెట్టింది. కాంటాక్ట్ క్లాసుల్లో (దూరవిద్య వాళ్లకు అప్పుడప్పుడు ముఖాముఖి చెప్పే పాఠాలు) సగానికైనా హాజరు లేకపోతే హాల్‌టికెట్ ఇవ్వరట. క్లాసులు ఆదివారాల్లో, తిరుపతిలోనే. మా బ్యాచ్‌లో ఉద్యోగాలు చేసుకునేవాళ్లే ఎక్కువ. రూల్ మంచిదే అనేవాళ్లున్నారు, కోర్టుకెళ్దామనేవాళ్లూ ఉన్నారు. రోజూ క్లాసుకు పోలేకే కదా దూరవిద్యలో చేరింది? మీరేమంటారు?

శ్రీసిటీ షిఫ్టు:
అన్నా, ఆదివారం అందరికీ సెలవని యూనివర్సిటీకి ఎవరు చెప్పారో! మాకు మూడు షిఫ్టులు, వీక్లీ ఆఫ్ వంతుల మీద వస్తుంది. నైట్ డ్యూటీ దిగి తడలో బస్సెక్కితే తిరుపతి చేరేసరికి మొదటి క్లాసు అయిపోయి ఉంటుంది. రెండో క్లాసులో కూర్చుని తూగాలి. ఆ తూగుడుకు హాజరు వేస్తారు. రూములో కూర్చుని మెటీరియల్ చదివితే మాత్రం వెయ్యరు. ఇక తమిళ భక్తులు కొండకు పోటెత్తే పెరటాసి నెల వచ్చిందంటే చెప్పనక్కర్లేదు, శని ఆదివారాల్లో తిరుపతి బస్సులో కాలు పెట్టే సందుండదు.

చిత్తూరు లెక్చరర్:
ఆ క్లాసులు చెప్పేవాళ్లలో నేనూ ఒకణ్ణి, కాబట్టి అటువైపు మాట కూడా వినండి. రిజిస్టరు నిండా పేర్లుంటాయి, బెంచీల మీద వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు. పేపర్లు దిద్దేటప్పుడు చూడాలి: ఒకే గైడు, ఒకే జవాబు, ఆ గైడులో పడిన అచ్చుతప్పు కూడా అందరిలోనూ అదే.

ఈ రూల్స్ ఊరికే రాలేదు. ‘వన్ సిట్టింగ్ డిగ్రీ’ బోర్డులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. మూడేళ్ల పరీక్షలు ఒకే దఫా రాయించి పట్టా చేతిలో పెట్టేవాళ్లు. యూనివర్సిటీ ఎక్కడో వేరే రాష్ట్రంలో, సెంటర్ మాత్రం మన వీధి చివర కన్సల్టెన్సీలో. రాష్ట్ర యూనివర్సిటీలు తమ రాష్ట్రం దాటి సెంటర్లు పెట్టకూడదని, ఫ్రాంచైజీలు చెల్లవని యూజీసీ (యూనివర్సిటీలను నియంత్రించే కేంద్ర సంస్థ) 2013లో గట్టిగా చెప్పింది అందుకే. 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇంకా పెద్ద దెబ్బ. అనుమతి లేకుండా కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు (యూనివర్సిటీ హోదా పొందిన సంస్థలు) దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీల్లో, 2005 తర్వాత చేరినవాళ్లవి రద్దయ్యాయి. ఆ డిగ్రీలతో ఉద్యోగాల్లో తెచ్చుకున్న ప్రమోషన్లు కూడా పోయాయి. ఆ మచ్చ పోవాలంటే విద్యార్థి మనిషిగా ఒకసారైనా కనబడాలి కదా?

పలమనేరు అమ్మ:
సార్, మీరు చెప్పిందంతా నిజమే. కానీ ఆ తీర్పులో తప్పు ఎవరిది? అనుమతి లేకుండా కోర్సులు నడిపిన యూనివర్సిటీలది. వాళ్లు చేసినదానికి మాకు హాజరు పెంచుతారా? అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టుంది.

నిజం చెప్పాలంటే క్లాసంటే నాకు ఇష్టమే. పాపను మా అమ్మ దగ్గర వదిలి వచ్చిన రోజున సబ్జెక్టు మాట్లాడేవాళ్లు దొరుకుతారు, ఇంట్లో ఆ అవకాశం లేదు. కానీ పాపకు జ్వరమొస్తే ఆ వారం రాలేను. దానికి ఏడాది పోగొట్టుకోవాలా? పలమనేరులోనో చిత్తూరులోనో క్లాసులు పెడితే నేనే ముందు వస్తా. కుప్పం వాళ్ల సంగతి ఆలోచించండి, వాళ్లకు తిరుపతి కంటే బెంగళూరే దగ్గర.

రూల్ అంటే రూల్:
అందరికీ ఏదో ఒక ఇబ్బంది ఉంటుందండీ. రెగ్యులర్ కాలేజీ పిల్లలకు 75 శాతం హాజరు లేకపోతే ఊరుకుంటున్నారా? దూరవిద్య డిగ్రీ, రెగ్యులర్ డిగ్రీ సమానమని 2022 సెప్టెంబరులో యూజీసీయే ప్రకటించింది. ఉద్యోగానికి అప్లై చేసేటప్పుడు సమానం కావాలి, క్లాసు దగ్గరికి వచ్చేసరికి మినహాయింపు కావాలా?

పుత్తూరు ఇగ్నో పాతకాపు:
పై వారికి జవాబు. అదే 2022లో, ఏప్రిల్‌లో యూజీసీ ఇంకో మాట కూడా చెప్పింది. ఒక రెగ్యులర్ డిగ్రీ, ఒక దూరవిద్య డిగ్రీ ఒకేసారి చదువుకోవచ్చని. కాలేజీకి వెళ్లి రెండూ చదవాలంటే టైమింగ్స్ ఒకదాని మీద ఒకటి పడకూడదని షరతు పెట్టింది. రెండోది దూరవిద్య అయితే ఆ చిక్కు లేదు. అంటే దూరవిద్యకు బెంచీ మీద కూర్చోవడం ప్రాణం కాదనేగా?

ఇగ్నోలో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) నేను చదివినప్పుడు థియరీ కౌన్సెలింగ్‌కు, అంటే అక్కడి కాంటాక్ట్ క్లాసులకు, వెళ్లడం మన ఇష్టం. సైన్స్ ప్రాక్టికల్స్ మాత్రం తప్పనిసరి, దానితో ఎవరికీ పేచీ లేదు. అసైన్‌మెంట్లు ఇవ్వకపోతే మాత్రం పరీక్షకు రానివ్వరు. మార్కుల్లో వాటికి 30 శాతం, చివరి పరీక్షకు 70. ఇంకో లెక్క చూడండి. ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు, నాలుగు క్రెడిట్ల పేపరుకు 120 గంటలు. నాలుగైదు ఆదివారాల హాజరుతో ఆ 120 గంటల చదువు ఎలా తెలుస్తుంది?

శ్రీసిటీ షిఫ్టు:
అసైన్‌మెంట్లు జిరాక్స్ షాపుల్లో రెడీమేడ్‌గా దొరుకుతున్నాయి కదన్నా. లెక్చరర్ సార్ ముందే అనేస్తారేమోనని నేనే చెప్పేస్తున్నా.

పుత్తూరు ఇగ్నో పాతకాపు:
దొరుకుతాయి, ఒప్పుకుంటా. అందుకే నేననేది, హాజరు వదిలేసి అసైన్‌మెంట్ మీద పది నిమిషాలు వైవా (నోటితో జవాబు చెప్పే పరీక్ష) పెట్టండి. దగ్గరలోని డిగ్రీ కాలేజీలో, సాయంత్రం పూట, మనిషి గుర్తింపు కార్డు చూసి. కొనుక్కొచ్చినవాడు రెండో ప్రశ్నకే నీళ్లు నములుతాడు. షిఫ్టువాళ్లు ఏదో ఒకరోజు చూసుకుని వస్తారు, మూడు నెలల ఆదివారాలు పాడుచేసుకోనక్కర్లేదు.

పలమనేరు అమ్మ:
దీనికి నేను రెడీ. క్లాసులు కూడా ఉంచండి, రావాలనుకున్నవాళ్లు వస్తారు.

రూల్ అంటే రూల్:
వైవాలో తెలిసినవాళ్లకు మార్కులు వేసేస్తారు. హాజరైతే కనీసం బయోమెట్రిక్ ఉంటుంది.

చిత్తూరు లెక్చరర్:
బయోమెట్రిక్ వేసి టీ తాగడానికి పోయినవాళ్లను కూడా చూశానండీ, దాని మీద నాకు భ్రమల్లేవు. వైవా ఆలోచన బాగుంది. కానీ ఒక పేపరుకు మూడు వందల మంది ఉంటే, తలకు పది నిమిషాల చొప్పున యాభై గంటలు. కౌన్సెలర్లకు ఇచ్చే గౌరవ వేతనమే నెలల తరబడి ఆలస్యమవుతుంటే, ఈ యాభై గంటలకు ఎవరు వస్తారు? విద్యార్థుల దగ్గర అదనపు ఫీజు వసూలు చేస్తే మీరే మళ్లీ ఇక్కడికొచ్చి తిడతారు.

చంద్రగిరి చదువరి:
సార్, హాజరు రూల్ అమలు చేసినా గది అద్దె, మనుషులు, రిజిస్టర్లు అన్నీ ఖర్చే కదా. ఆ డబ్బే వైవాకు మళ్లించమని అడుగుతాం. యూనివర్సిటీకి ఇచ్చే అర్జీలో రెండే అడుగుదామనుకుంటున్నా: థియరీకి హాజరు షరతు తీసేసి వైవా పెట్టడం, చిత్తూరులో ఒక సెంటర్. ఈ బ్యాచ్‌కు మాత్రం హాల్‌టికెట్లు ఆపవద్దని పైన ఒక వాక్యం. సంతకం పెట్టేవాళ్లు పేరు, కోర్సు ఇక్కడ రాయకుండా నాకు విడిగా మెసేజ్ పెట్టండి.

శ్రీసిటీ షిఫ్టు:
నాది రాసుకో అన్నా. ఇవ్వడానికి ఆదివారం మాత్రం పిలవొద్దు.