హార్డ్ డిస్క్ నిండేకొద్దీ కాపీ స్పీడ్ పడిపోతోంది, పాడైనట్టేనా?

మారతహళ్లి_రూమ్మేట్:
ఎస్పీ రోడ్డులో కొన్న 2 టీబీ డిస్క్, 7200 ఆర్‌పీఎం (అంటే నిమిషానికి అన్ని చుట్లు తిరుగుతుంది). కొత్తలో పెద్ద వీడియోలు సెకనుకి 180 ఎంబీతో కాపీ అయ్యేవి, ముప్పాతిక నిండాక 120 దాటట్లేదు. అక్క పెళ్లి వీడియో అందులోనే ఉంది, టెన్షన్‌గా ఉందండీ.

పాత_డబ్బా:
కంగారు పడకు బ్రో. డిస్క్ తిరిగే వేగం ఎప్పుడూ ఒకటే, కానీ బయటి అంచున చుట్టు పెద్దది కాబట్టి ఆ ట్రాక్‌లో (డేటా రాసే గుండ్రటి గీతలో) సెక్టార్లు, అంటే డేటా ముక్కలు, ఎక్కువ పడతాయి, ఒక్క తిప్పుకి చదివే-రాసే హెడ్ కింద నుంచి ఎక్కువ డేటా పోతుంది. మామూలుగా నింపడం బయటి నుంచే మొదలవుతుంది. లోపలి చివరికొచ్చేసరికి స్పీడ్ దాదాపు సగమైపోవడం మామూలే.

జయనగర్_4_బ్లాక్:
అది పెద్ద ఫైళ్లకే. చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే హెడ్ అటూ ఇటూ పరిగెత్తడానికే టైమంతా పోతుంది, పైగా కావలసిన సెక్టార్ తిరిగి వచ్చేదాకా సగటున 4.2 మిల్లీసెకన్లు ఆగాలి. విండోస్‌కి డిస్క్ మొదటి భాగంలో చిన్న పార్టిషన్ (విడి భాగం) ఇస్తే హెడ్ తిరుగుడు తగ్గుతుంది. అంతకన్నా ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డ్రైవ్) కొనుక్కోవడం నయం, నన్నడిగితే.

మారతహళ్లి_రూమ్మేట్:
స్మార్ట్ రిపోర్ట్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే ఇచ్చేది) చూశా, పాడైన సెక్టార్లు సున్నా. హమ్మయ్య.

పాత_డబ్బా:
అయినా పెళ్లి వీడియో ఇంకోచోట కూడా పెట్టు. ఈ రాత్రికే.