అప్‌డేట్: వైజాగ్ నుంచి కళింగపట్నం దాకా వెళ్లొచ్చాం

పోయిన నెల అడిగాను కదా, మా ఆవిడా నేనూ కారులో వైజాగ్ నుంచి కళింగపట్నం వెళ్లి రావడానికి రెండు రోజులు చాలుతాయా అని. చాల్లేదండీ, మూడయ్యాయి. తొట్లకొండలో గంట చాలనుకున్నాం. 1976లో నేవీ సర్వేలో బయటపడ్డ ఆ బౌద్ధారామంలో సముద్రం చూస్తూ ఒక పూటంతా గడిపేశాం. భీమిలిలో డచ్చివాళ్ల సమాధుల మీద అరిగిపోయిన అక్షరాలను ఆవిడ వేలితో తడుముతూ చదవబోయింది, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. శ్రీకూర్మంలో నక్షత్ర తాబేళ్ల దగ్గర నుంచి ఆమెను కదిలించడం నా వల్ల కాలేదు. మీరు చెప్పినట్టే శాలిహుండం కొండ పొద్దున్నే ఎక్కాం, కింద వంశధార. తిరుగు ప్రయాణంలో టైరు పంక్చరైంది, తీరా చూస్తే స్టెప్నీలో గాలి లేదు. ఆ సంగతి ఇంట్లో ఇంకా నడుస్తోంది.